బాతుల తల్లివంశం వెతకబోతున్న అమ్మడికి

చిరంజీవి అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పీహెచ్‌డీకి బాతుల మైటోకాండ్రియా జీనోమ్ (కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలోని డీఎన్ఏ మొత్తం) తీసుకున్నావని, ఈ చలికాలం శాంపిల్స్ కోసం కొల్లేరు వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మన ఇంట్లోంచి ఇంకొకరు ఈ పనిలోకి వస్తున్నారని ఎంత గర్వపడ్డానో! రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. నీకు ఈత రాదు కదా.

"అక్కడ నీళ్లు మోకాళ్లలోతే పెద్దమ్మా" అంటావని నాకు తెలుసు. భయం లోతు గురించి కాదు. అడుగున బురద, పైన గుర్రపుడెక్క. కాలు దిగబడితే ఈత వచ్చినవాళ్లే తిప్పలు పడతారు. దోనె ఎక్కేటప్పుడు లైఫ్‌జాకెట్ వేసుకో, నడిపేవాళ్లు నవ్వినా సరే. ఒంటరిగా వెళ్లకు. 2025 ఫిబ్రవరిలో పశ్చిమ గోదావరి కోళ్లఫారాల్లో బర్డ్‌ఫ్లూ వచ్చింది గుర్తుందా? బాతు ఆ వైరస్‌ను మోస్తూ కూడా హుషారుగానే ఈదుతుంటుంది. గ్లవ్స్, మాస్కు లేకుండా పిట్టను పట్టుకున్నావని తెలిస్తే నేనే వచ్చి నిన్ను లాక్కొస్తాను.

చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతికి ఇవాళే దరఖాస్తు పెట్టు. ట్యూబుల మీద పెన్సిల్‌తో రాయి, ఆల్కహాల్ తగిలితే పెన్ను రాత చెరిగిపోతుంది. మిగతా జాగ్రత్తలు మీ గైడ్ చెబుతారు.

ఇక నన్ను నిజంగా టెన్షన్ పెట్టింది మీ అమ్మ అన్న ఇంకో మాట. "రక్తం చుక్క తీస్తే చాలట అక్కా" అంది. చాలదమ్మా.

నేను చదువుకునే రోజుల్లో మా ల్యాబ్‌లో ఒక సీనియర్ పోచార్డ్ బాతుల మీద పనిచేసేవారు. మునిగి మేత తినే బాతులవి. ఆయన పట్టిన ప్రతి పిట్ట నుంచీ రక్తం తీసి, మైటోకాండ్రియా డీఎన్ఏలో కంట్రోల్ రీజియన్ అనే భాగాన్ని చదివేవారు. సీక్వెన్సులు, అంటే డీఎన్ఏ అక్షరాల వరుసలు, రెండు గుంపులుగా వచ్చాయి. మధ్యలో పెద్ద తేడా. ఒక గుంపు సైబీరియా నుంచి, రెండోది మధ్య ఆసియా నుంచి వస్తోందని ఆయన అనుకున్నారు. మ్యాపు గీశారు, బాణాలు వేశారు, సెమినార్ ఇచ్చారు. మేమందరం చప్పట్లు కొట్టాం. వ్యాసం కూడా రాసేశారు. అప్పుడు వలలో ఒక పిట్ట చనిపోయింది. దాని రక్తంతో పాటు రొమ్ము కండరం కూడా దాచారు. రెండింటినీ చదివితే ఒక్కటే పిట్ట, రెండు సీక్వెన్సులు! రక్తం ఒక గుంపులో పడింది, కండరం ఇంకో గుంపులో. ట్యూబులు తారుమారయ్యాయని ముందు నన్ను అనుమానించారు. మళ్లీ చేశాం. మళ్లీ అదే.

జరిగిందేమిటంటే, మైటోకాండ్రియా డీఎన్ఏ ముక్కలు ఎప్పుడో పూర్వకాలంలో కేంద్రకంలోకి చేరి అక్కడే ఉండిపోతాయి. వాటిని నమ్ట్‌లు అంటాం. కేంద్రకంలో మార్పులు నెమ్మదిగా జరుగుతాయి కాబట్టి ఆ నకలు పాత రూపంలోనే నిలిచిపోతుంది, వంశవృక్షంలో వేరే కొమ్మలా కనబడుతుంది. పక్షుల ఎర్రరక్తకణాల్లో మనకు లేని కేంద్రకం ఉంటుంది, మైటోకాండ్రియాలేమో తక్కువ. అంటే రక్తం తీసుకుంటే నకలు చేతికి చిక్కే అవకాశమే ఎక్కువ. ఏడు జాతుల మునిగే బాతుల్లో ఇలాంటి నకళ్లు ఉన్నాయని సోరెన్సన్, ఫ్లైషర్ అనే శాస్త్రవేత్తలు 1996లోనే చూపించారు. ఆ వ్యాసం మా సీనియర్ కంటపడేసరికి ఆయన రెండో అధ్యాయం అయిపోయింది. మంచి మనిషి. రాత్రిళ్లు కూర్చుని నాకు పీసీఆర్ (చదవడానికి సరిపడా డీఎన్ఏను పెంచే పద్ధతి) నేర్పింది ఆయనే. ఆ అధ్యాయం మొత్తం తీసేసి, కండరాలతో మొదటి నుంచి చేశారు. ఆ రెండేళ్లు ఇంటి నుంచి ఉత్తరం వస్తే విప్పడానికే జంకేవారు. నీకలాంటి రోజులు రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

అందుకని, చనిపోయిన పిట్ట దొరికితే కండరం తీసుకో. బతికున్నదైతే ఈక మొదలు తీసుకో. చిన్న ముక్కలు అతికించే పద్ధతి వద్దు, మైటోకాండ్రియా జీనోమ్ మొత్తం ఒకేసారి చదివించు. సుమారు 16,600 డీఎన్ఏ అక్షరాలు, 37 జన్యువులు. అందులో ప్రొటీన్ జన్యువులు 13. వాటి మధ్యలో స్టాప్ కోడాన్ (ప్రొటీన్ ఇక్కడితో ఆపమనే మూడక్షరాల గుర్తు) వస్తే నమ్టేమోనని అనుమానించు. కానీ ముందు ఏ మూడక్షరాలకు ఏ అర్థమో చెప్పే కోడ్ టేబుల్ సరిచూసుకో. మైటోకాండ్రియాలో టీజీఏ అంటే స్టాప్ కాదు, ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం. మామూలు టేబుల్ పెట్టుకుంటే దాదాపు ప్రతి జన్యువూ విరిగిపోయినట్టే కనబడుతుంది. ఎన్‌డీ3 అనే జన్యువులో చాలా పక్షులకు ఒక అక్షరం అదనంగా ఉంటుంది, కణం దాన్ని దాటేసి చదువుకుంటుంది. తప్పు పడిందనుకుని చెరిపేయకు.

ఇంకో సంగతి. ఇంటిపేరు తండ్రి నుంచి వచ్చినట్టు, మైటోకాండ్రియా డీఎన్ఏ తల్లి నుంచి మాత్రమే వస్తుంది. కొల్లేరు చుట్టుపక్కల కోసిన వరిచేలల్లో మేపే పెంపుడు బాతులు చాలావరకు మల్లార్డ్ అనే అడవి బాతు సంతతి. మల్లార్డ్ జాతికి మన స్పాట్‌బిల్ బాతు (ముక్కు మీద మచ్చ ఉండే అడవి బాతు) దగ్గరి చుట్టం. బాతులు జాతి దాటి జతకట్టడంలో పేరుమోసినవి. చూడ్డానికి అచ్చం స్పాట్‌బిల్‌లా ఉన్న పిట్టలో పెంపుడు బాతు తల్లివంశం బయటపడవచ్చు. అమెరికాలో మల్లార్డ్, నల్లబాతు విషయంలో 1990 నుంచీ ఈ చిక్కు నడుస్తూనే ఉంది. కేంద్రకంలోని జన్యువులు కొన్నయినా చదవకుండా చుట్టరికం తేల్చేయకు. మీ గైడ్ డబ్బుల్లేవంటే గట్టిగా అడుగు. అన్నింటికీ తలూపే అలవాటు నీకు చిన్నప్పటి నుంచీ ఉంది.

చలికాలంలో దిగే సూదితోక బాతుల గుంపును ఒకే జనాభా అనుకోకు. వేర్వేరు చోట్ల పుట్టినవి అక్కడ కలుస్తాయి, జతలు కడతాయి. ఆడది తను పుట్టిన చోటికి తిరిగి వెళ్తుంటే మగది వెంటపోతుంది. అందుకే తల్లివంశంలో ప్రాంతాల తేడా కనిపించి, కేంద్రకంలో కనిపించకపోవచ్చు. అది చూసి కంగారుపడకు. రాయడానికి మంచి విషయం దొరికిందనుకో.

హిమాలయాలు దాటి వచ్చే పట్టెతల బాతుకు (బార్-హెడెడ్ గూస్) మైటోకాండ్రియాలోని సీఓఎక్స్3 ప్రొటీన్‌లో ఒక్క అమైనో ఆమ్లం మారిందని 2011లో చదివినప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో! పాలపిట్టనైనా గుర్తుపట్టని నేను వెంటనే బైనాక్యులర్స్ కొనుక్కున్నాను. వంశాలు వెతికే గొడవలో పడి ఈ జన్యువులు చేసే పనిని మర్చిపోకు.

జనవరిలో సెలవులకు ఇంటికి రా, ఈత మాస్టారితో మాట్లాడి పెట్టాను. వచ్చేటప్పుడు మొదటి పిట్ట డేటా తీసుకురా, రక్తానిదీ ఈకదీ రెండూ. పక్కపక్కన పెట్టి ఇద్దరం చూద్దాం.

మీ పెద్దమ్మ