వాము అంటించినవాడి గురించి

ప్రియమైన తమ్ముడికి,

కథ అందింది. గడ్డివాము అంటుకునేదాకా ఊపిరి బిగబట్టి చదివాను. తర్వాత డాక్టరు చేత ‘పైరోమేనియా’ (నిప్పు పెట్టాలనే పిచ్చి) అనిపించి చేతులు దులిపేసుకున్నావు. ఆ మాట పుట్టుక తెలిస్తే అంత తేలిగ్గా వాడేవాడివి కాదు.

19వ శతాబ్దం తొలినాళ్లలో జర్మనీలో ఇళ్లకూ కొట్టాలకూ నిప్పు పెట్టి దొరికినవాళ్లలో పరాయి ఇళ్లల్లో చాకిరీ చేసే పనిపిల్లలు ఉండేవాళ్లు. ఈడొచ్చే వయసులో పుట్టే నిప్పు మోజే దీనికి కారణమన్నాడు హెంకే అనే వైద్యుడు. 1833లో ఫ్రాన్సులో మార్క్ అనే డాక్టరు దానికి పైరోమేనియా అని పేరు పెట్టాడు. మరణశిక్ష పడగల నేరం కాబట్టి ఆ పేరు కొందరిని కాపాడే ఉంటుంది, కాదనను. కానీ పేరు దొరికాక ఇంక ఆ పిల్లని ఎవరు కొట్టారని అడిగేదెవరు? బెర్లిన్‌లో కాస్పర్ అనే వైద్యుడు అలాంటి ప్రత్యేక జబ్బే లేదని వాదించాడు. తర్వాత తత్వవేత్తగా పేరుపడ్డ కార్ల్ యాస్పర్స్ 1909లో వైద్య పట్టా కోసం రాసిన సిద్ధాంత వ్యాసం ఏ విషయం మీదో తెలుసా? ఇంటి మీద బెంగ, నేరం. అందులో ఉన్నదీ ఇలాంటి పనిపిల్లలే.

అలాగని పిచ్చి అంతా అబద్ధమనుకోకు. 1829లో ఇంగ్లండులో జొనాథన్ మార్టిన్ యార్క్ మిన్‌స్టర్ చర్చికి నిప్పు పెట్టాడు. ముందే పాదిరీలను హెచ్చరిస్తూ ఉత్తరాలు రాశాడు. సాయంత్రం ప్రార్థన అయ్యాక లోపలే దాక్కున్నాడు, గంట తాడు కోసుకుని కిటికీలోంచి దిగిపోయాడు. ఇంత ప్లాన్ వేసినవాడిది పిచ్చేమిటని నీ కథలో ప్లీడరు అడుగుతాడే, అలాగే అనిపిస్తుంది. కానీ కలల్లో దేవుడే చెప్పాడని అతని నమ్మకం. మతిస్థిమితం లేదని తేల్చి బెత్లెమ్ ఆసుపత్రికి పంపారు, 1838లో అక్కడే పోయాడు.

మతి లేనివాడి నేరాన్ని ఎలా చూడాలో చెప్పే ఇంగ్లండు 1843 నాటి మెక్‌నాటన్ నియమాల దగ్గర్నుంచి మన ఐపీసీ 84వ సెక్షను దాకా (ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షను) చట్టం జబ్బు పేరుతో సరిపెట్టుకోదు. చేస్తున్నదేమిటో, అది తప్పని తెలుసుకునే శక్తి ఆ క్షణాన ఉందా అని చూస్తుంది. కథకుడికి కూడా ఆ క్షణమే కావాలి. నువ్వేమో సరిగ్గా అక్కడే డాక్టర్ని దింపావు.

డాక్టర్ని తీసెయ్. రెండో పేజీలో ఆసామి కూలి ఎగ్గొట్టిన సంగతి ఒక్క వాక్యంలో దాటేశావు, అక్కడ కాసేపు ఆగు. అగ్గిపెట్టె ఎవరిది? అంటించాక వాడు పారిపోయాడా, నిలబడి చూశాడా? రాసి పంపు, సంక్రాంతి సంచికకి ఇంకా టైముంది.

నీ అన్నయ్య