ఇన్ని రూల్స్ ఉన్న అడవికి అమ్మాయిని పంపొచ్చా?

నంద్యాల నుంచి ఒక తండ్రి రాశారు. వాళ్లమ్మాయి బీఎస్సీ జువాలజీ ఫైనలియర్. పశ్చిమ కనుమల్లోని ఒక ఫీల్డ్ స్టేషన్‌లో (అడవిలోనే ఉండి పరిశోధన చేసే కేంద్రంలో), కప్పల మీద పనిచేస్తున్న పరిశోధకురాలి దగ్గర మూడు నెలలు సహాయకురాలిగా ఉండే అవకాశం వచ్చింది. స్టేషన్ వాళ్లు పంపిన నియమాల పుస్తకం, సంతకం పెట్టాల్సిన హామీ పత్రం చూసి ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకుంది. "ఇన్ని షరతులంటే అక్కడ ఎంత ప్రమాదమో కదా? దీని బదులు ఫీజు కట్టి చేరే పది రోజుల వైల్డ్‌లైఫ్ క్యాంప్ మేలా, లేక హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ బయోటెక్ చేర్పించమంటారా? మూడూ పోల్చి చెప్పండి" అని అడిగారు.

సార్, పోల్చి చెబుతాను. కానీ ఊరు పేరు మారి ఇదే ప్రశ్న నాకు ఏటా వస్తుంది కాబట్టి ఒక మాట ముందే అంటాను. మీరు అడుగుతున్నది కోర్సు గురించి, మీ భయమేమో ఆడపిల్ల రాత్రిపూట అడవిలో ఉండటం గురించి. ఆ భయంలో తప్పేమీ లేదు. ఎంట్రన్సుల వివరాలు మీ అమ్మాయికి మనకంటే బాగా తెలుసు, అవి వదిలేద్దాం.

నియమాలు చాంతాడంత ఉన్న చోటికి భయపడకండి. "వచ్చేయండి, అన్నీ మేం చూసుకుంటాం" అని ఒక్క మెసేజ్ పెట్టి ఊరుకునే చోటికి భయపడండి. కప్పల పని వానాకాలంలో, రాత్రిపూట, వాగుల పక్కనే జరుగుతుంది, దాన్ని పగటికి మార్చలేరు. అందుకే ఒంటరిగా వెళ్లకూడదంటారు, ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో రిజిస్టర్‌లో రాసి వెళ్లమంటారు, ఆ టైముకి రాకపోతే వెతకడానికి మనిషి బయలుదేరతాడు. పక్కన ఆ అడవిలోనే పుట్టి పెరిగిన ఫీల్డ్ అసిస్టెంట్ ఉంటాడు. మన నల్లమలలో పులుల జాడ తీసే పనికి అటవీశాఖ చెంచుల మీద ఆధారపడుతుంది కదా, అక్కడా అలాంటివాళ్లే. ఏనుగు దగ్గరలో ఉందని వాళ్లు గాలిలో వాసనబట్టి చెప్పినప్పుడు ఎదురు మాట్లాడకుండా వెనక్కి తిరగడం ఈ వృత్తిలో నేర్చుకునే మొదటి పాఠం.

ఇంకో సంగతి, ఆ పుస్తకంలో చాలా నియమాలు మీ అమ్మాయి కోసం రాసినవి కావు, అడవి కోసం రాసినవి. ఒక వాగు నుంచి ఇంకో వాగుకి వెళ్లేముందు బూట్లు, వలలు మందుతో శుభ్రం చేయమని ఉంటే అది చాదస్తం కాదు. కప్పల చర్మానికి పట్టే కైట్రిడ్ అనే బూజు ప్రపంచంలో ఎన్నో కప్పజాతులను తుడిచిపెట్టింది, అది తడి బూట్ల మీద కూడా ప్రయాణిస్తుంది. దారి దిగొద్దు, చెట్లకున్న నంబర్లు ముట్టుకోవద్దు అనేదీ అంతే. తమిళనాడులోని ముదుమలైలో 1988లో 50 హెక్టార్ల అడవిని గుర్తుపెట్టి, ఒక సెంటీమీటరు లావు దాటిన ప్రతి మొక్కనీ లెక్కలోకి తీసుకుని ఇప్పటికీ కొలుస్తున్నారు. అలాంటి చోట కొత్తగా వచ్చినవాళ్లు సరదాకి ఒక నంబరు బిళ్ల పీకితే ఆ చెట్టు మీద ముప్పై ఏళ్లకు పైగా పడిన శ్రమ గాలికి పోతుంది.

చట్టం సంగతీ తెలుసుకోండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో పరిశోధన చేయాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ఇచ్చే పర్మిట్ ఉండాలి. ఆ చట్టం షెడ్యూళ్లలో, అంటే రక్షణ ఉన్న జంతువుల జాబితాల్లో, ఉన్న జంతువును కొలవడానికి పట్టుకున్నా చట్టం దృష్టిలో అది వేట కిందికే వస్తుంది, దానికి వేరే అనుమతి కావాలి. నెలలకొద్దీ ఆఫీసుల చుట్టూ తిరిగి తెచ్చుకున్న కాగితాలవి. మీ అమ్మాయి చేసే చిన్న తప్పుకి ఆ పరిశోధకురాలి ప్రాజెక్టు మొత్తం ఆగిపోవచ్చు.

ఇప్పుడు మీరు అడిగిన క్యాంపుల గురించి. ఈ మధ్య ఇవి బాగా ఫ్యాషనయ్యాయి, నాకు వీటి మీద చాలా అనుమానాలున్నాయి. అన్నీ చెడ్డవనను, పక్షుల్ని చూడటం నేర్పే మంచి క్యాంపులూ ఉన్నాయి. కానీ వేలకు వేలు తీసుకుని, జీపులో తిప్పి, కొండచిలువ మెడలో వేసి రీల్ తీయించి, చివర్లో "రీసెర్చ్ ఇంటర్న్" అని సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లను ఏమనాలి? పర్మిట్ ఎవరి పేరు మీద ఉంది, అందులో మా పిల్ల పేరు ఉంటుందా అని అడిగి చూడండి, సమాధానం దాటేస్తారు. అక్కడ పామును పట్టుకుని దిగిన ఫొటో రేపు ఆ పిల్ల మీద కేసుకి సాక్ష్యం కావచ్చు. ఎమ్మెస్సీ ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ ఎవరూ చూడరు, నువ్వు సేకరించిన డేటా ఏమిటి, ఎందుకు అలా సేకరించావు అంటారు. పది రోజులు జీపెక్కి తిరిగిన పిల్ల దానికి ఏం చెబుతుంది?

బయోటెక్ మంచిదే, ల్యాబ్ పని ఇష్టమైతే. మీ ఉత్తరంలో ఆ ఇష్టం ఎక్కడా కనబడలేదు. నిజం చెప్పాలంటే మీ అమ్మాయి ఏమంటోందో ఒక్క ముక్క కూడా లేదు! ఆ నియమాల పుస్తకం ఆమె చేతికి ఇచ్చారా, లేక మీరే చదివి మీరే భయపడి మీరే నిర్ణయించేశారా? ఇరవై ఏళ్లు దాటిన మనిషి సార్. ఆ హామీ పత్రం మీద సంతకం పెట్టాల్సింది కూడా ఆమే. రోజూ మూడుసార్లు ఫోన్ చేసి స్టేషన్ వాళ్లని విసిగించే తల్లిదండ్రులను కూడా చూశాను, ఆ పిల్లలకు అక్కడ తలెత్తుకోలేనంత పనవుతుంది. సిగ్నల్ లేని పూట మాట్లాడలేకపోతే ఏమీ కాదు.

ఉద్యోగం దిగులు కూడా మీ ఉత్తరంలో ఉంది. ఇది డబ్బులు కురిసే దారి కాదు, ఆ ఆశతో అయితే పంపకండి. అలాగని ఆకలితో ఉంచే దారీ కాదు. డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, బెంగళూరులో జీవశాస్త్ర పరిశోధన చేసే ఎన్‌సీబీఎస్, పుదుచ్చేరి యూనివర్సిటీ ఎకాలజీ విభాగం లాంటి చోట్ల ఎమ్మెస్సీ చేసి, నెట్ అనే జాతీయ పరీక్షతో వచ్చే ఫెలోషిప్‌తో పరిశోధనలో చేరితే, జేఆర్‌ఎఫ్ అనే ఆ పరిశోధన భృతి 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, పైన ఇంటద్దె. కష్టపడే పిల్లలు నిలబడుతున్నారు, మీ అమ్మాయీ నిలబడుతుంది.

మీరు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. పాముకాటు మందు ఉన్న ఆస్పత్రి ఎంత దూరం, రాత్రి బండి ఉంటుందా, అమ్మాయిల బస ఎక్కడ, ఇన్సూరెన్స్ ఎవరిది, లైంగిక వేధింపుల ఫిర్యాదుకు కమిటీ ఉందా అని మెయిల్‌లో అడగండి, ఫోన్‌లో వద్దు. పద్ధతైన స్టేషన్ వీటికి నొచ్చుకోదు. టెటనస్ ఇంజెక్షన్ వేయించండి, ఉన్న ఎలర్జీలు దాచకుండా ఫారంలో రాయించండి. ఇక పని ఎలా మొదలవుతుంది, తను సేకరించిన డేటా మీద ఎవరికి ఎంత హక్కు, పేపర్ వస్తే తన పేరు ఎక్కడ వస్తుంది అన్న మూడు ప్రశ్నలూ మీ అమ్మాయే ఆ పరిశోధకురాలిని అడగాలి, వెళ్లేముందే.