చేతిలోంచి జారిన ఆ బంతి సంగతి

తమ్ముడూ,

నీ వ్యాసం రాత్రి పడుకోబోతూ తీశాను, సగానికొచ్చేసరికి కోపమొచ్చి లేచి కూర్చున్నాను. ఫుట్‌బాల్ గోల్‌కీపర్ ఎడ్విన్ వాన్ డెర్ సార్‌ని ఆరుసార్లు "ఉక్కు గోడ" అన్నావు. గోడ ఏం చేస్తుందయ్యా, నిలబడుతుంది, అంతేగా? 2008లో మాస్కోలో జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో, మాంచెస్టర్ యునైటెడ్ గోల్లో నిలబడి, చెల్సీ వాళ్ళ పెనాల్టీలు తన ఎడమవైపుకే వస్తున్నాయని చూసి, వాళ్ళ అనెల్కా రాగానే ఎడమ చెయ్యి చాపి ఇటేగా నువ్వూ కొట్టేది అన్నట్టు చూపించి, కుడివైపుకి దూకి ఆపాడు. గోడకి అంత బుర్ర ఉంటుందా? ఆ చెయ్యి చాపిన వాక్యం మాత్రం బాగుంది, అది ఉంచు.

"యువెంటస్‌లో రెండేళ్ళు ఆడి 2001లో ఫుల్హామ్‌కి వెళ్ళాడు" అని ఒక్క ముక్కలో దాటేశావు చూడు, అసలు కథ అక్కడే ఉంది. 1995లో వియన్నాలో అజాక్స్‌తో యూరప్ కప్పు ఎత్తినవాడు 30 ఏళ్ళకి, అప్పుడే ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లోకి ఎక్కిన టీమ్‌కి ఊరికే వెళ్తాడా? 2001 మే 6, ట్యూరిన్, ఇటలీ లీగ్‌లో రోమాతో మ్యాచ్. ఆరు నిమిషాలకే యువెంటస్ 2-0. చివర్లో రోమా ఆటగాడు నకాతా ఒకటి కొట్టాడు, ఇంజురీ టైమ్‌లో మళ్ళీ అతనే దూరం నుంచి బాదితే బంతి వాన్ డెర్ సార్ చేతులకి తగిలి ముందుకి పడింది, మోంతెల్లా వచ్చి లోపలికి కొట్టేశాడు. 2-2. సీజన్ అయ్యాక చూస్తే టైటిల్ రోమాది, తేడా రెండు పాయింట్లు. ఆ ఎండాకాలమే యువెంటస్ బఫన్ అనే ఇంకో గోల్‌కీపర్‌ని కొనుక్కుంది.

గోల్‌కీపర్ జీవితం రాయాలంటే ఆపిన బంతుల దగ్గర కాదు, జారిన బంతి దగ్గర మొదలుపెట్టాలి. ఎవరేమన్నా నేనిది వదలను. అప్పట్లో నేను పేపర్లో నైట్ డెస్క్‌లో ఉండేవాణ్ణి, ఈ మ్యాచ్ మీదే రెండు కాలమ్‌లు రాస్తే మా ఎడిటర్ ఎర్ర పెన్నుతో సగం కొట్టేసి, ఓడినవాడి గోల మనకెందుకు, గెలిచినవాడి ఫొటో పెద్దది వెయ్యి అన్నాడు. డ్యూటీ దిగి ఆ కాగితం జేబులో మడిచి పెట్టుకుని ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాకా నడిచాను, టీ చేతిలో పట్టుకుని తాగబుద్ధి కాక అలాగే నిలబడ్డాను. ఇరవై ఏళ్ళు దాటింది, ఇంకా మంటగానే ఉంది. నిన్నెవరూ అడక్కుండానే ఆ సగం నీ చేత్తో నువ్వే కొట్టేసుకున్నావు, అందుకే ఇంత కోపం.

ఇంకోటి. ఇంగ్లండ్ లీగ్‌లో యునైటెడ్ తరఫున 1311 నిమిషాలు గోల్ ఇవ్వలేదని బోల్డ్‌లో పెట్టావు, మరి తర్వాతి నిమిషం ఏమైంది? 2009 మార్చి 4, న్యూకాజిల్‌లో ఆట మొదలైన తొమ్మిదో నిమిషంలో అవతలి టీమ్ గుటియెరెజ్ షాట్ మళ్ళీ అలాగే చేతుల్లోంచి జారింది, లోవెన్‌క్రాండ్స్ తోసేశాడు. ట్యూరిన్‌లో జారినట్టే, ఎనిమిదేళ్ళ తర్వాత. కానీ ఈసారి ఇంకా ఎనభై నిమిషాల ఆట ఉంది, అంతసేపూ అక్కడే నిలబడ్డాడు, యునైటెడ్ 2-1 గెలిచింది. తర్వాత రెండేళ్ళు ఆడి 40 ఏళ్ళకి రిటైర్ అయ్యాడు. ఆ ఎనభై నిమిషాలు అతని మొహంలో ఏముందో వీడియో పెట్టుకుని చూశావా అసలు?

పుస్తకంగా వెయ్యొచ్చా అని అడిగావు. ముందు ట్యూరిన్‌లో బంతి చేతికి తగిలిన దగ్గర మొదలుపెట్టి మళ్ళీ రాసి పంపు. మాస్కో చివర్లో వస్తే రానీ, రాకపోయినా నాకేం పర్లేదు.

అన్న