పక్షవాతం పరిశోధనలో ఉద్యోగం: డిప్లొమాకి డబ్బు కట్టే ముందు

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో ఫార్మ్ డి (ఆరేళ్ల ఫార్మసీ కోర్సు) ఐదో ఏడు చదువుతోంది. బ్రెయిన్ స్ట్రోక్ మీద జరిగే క్లినికల్ రీసెర్చిలోకి, అంటే పేషెంట్ల మీద మందులు, చికిత్సలు పరీక్షించి చూసే ట్రయల్స్ పనిలోకి, వెళ్తానంటోంది. ఆరు నెలల డిప్లొమా చేస్తే ఉద్యోగం గ్యారంటీ అని హైదరాబాద్‌లో ఒక సంస్థ చెబుతోంది. ఫీజు లక్ష దాటుతోంది. కట్టమంటారా?
- ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: ఇప్పుడే కట్టకండి. క్లినికల్ రీసెర్చి ఐదో ఏడు సిలబస్‌లోనే ఉంది, బయోస్టాటిస్టిక్స్ (వైద్య పరిశోధనల లెక్కలు) నాలుగో ఏడే చదివేసింది. డిప్లొమాల్లో చెప్పేది చాలావరకు అదే. ఆమెకు ఇంకా లేనిది వార్డులో పూర్తిస్థాయి పని అనుభవం. అది ఆరో ఏడాది ఇంటర్న్‌షిప్‌లో దొరుకుతుంది. ఆరు నెలలు జనరల్ మెడిసిన్ పోగా, మిగతా ఆరు నెలలూ మూడు విభాగాల్లో రెండేసి నెలలు. ఆ మూడింట్లో ఒకటి న్యూరాలజీ అయ్యేలా కాలేజీలో ఇప్పుడే అడగమనండి.

మొదటి ఉద్యోగం మామూలుగా ఆసుపత్రిలో స్టడీ కోఆర్డినేటర్‌గా, అంటే ట్రయల్ పేషెంట్ల పనులూ రికార్డులూ చూసుకునే మనిషిగా, వస్తుంది. స్ట్రోక్ ట్రయల్‌లో ఈ పని మిగతా జబ్బుల ట్రయల్స్‌లా తాపీగా సాగదు. మెదడులో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు గడువు జబ్బు మొదలయ్యాక నాలుగున్నర గంటలు. అలాంటి ట్రయల్ అయితే పేషెంట్ అర్ధరాత్రి వచ్చినా అప్పుడే ఫోన్ మోగుతుంది. ఈ సంగతి ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

ఎక్కువ తప్పులు జరిగేది టైమ్ రాయడంలో. "పొద్దున ఆరింటికి లేచేసరికి చెయ్యి పడిపోయింది" అంటే జబ్బు మొదలైన టైమ్ ఆరు కాదు. చివరిసారి ఆయన బాగా ఉండగా ఎవరు, ఎప్పుడు చూశారో అది రాయాలి. రాత్రి పదింటికి పడుకున్నారంటే లెక్క పది నుంచే. ఇది తప్పితే ఆ పేషెంటును ట్రయల్‌లోకి తీసుకోవడమే తప్పవుతుంది.

తర్వాత సమ్మతి. పేషెంటుకు మాట పడిపోతే చట్టప్రకారం ఆయన తరఫున ఒప్పుకోగలిగినవారు సంతకం చేయాలి. వారికి చదువు రాకపోతే ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఉండాలి. వార్డు నర్సును సాక్షిగా నిలబెట్టేయడం మామూలుగా జరిగే పొరపాటు, ఆడిట్‌లో ముందు పట్టుకునేదీ అదే.

ఇక ఫలితం కొలిచేది చాలా ట్రయల్స్‌లో 90వ రోజున, మోడిఫైడ్ ర్యాంకిన్ స్కేల్ మీద. పేషెంటు తన పనులు తాను ఎంతవరకు చేసుకోగలుగుతున్నారో చెప్పే స్కేలు ఇది. సున్నా అంటే ఏ ఇబ్బందీ లేదు, 6 అంటే మరణం. ఫోన్‌లో అడిగితే మన ఇళ్లలో వచ్చే జవాబు "అన్నీ మేమే చేస్తామండీ" అని. చేయలేకపోవడం వేరు, కోడలు చేయనివ్వకపోవడం వేరు. "ఎవరూ లేనప్పుడు తనంతట తాను స్నానం చేయగలరా? కర్ర పట్టుకునైనా మనిషి సాయం లేకుండా నడుస్తారా?" అని విడగొట్టి అడగాలి. నడకకు మనిషి సాయం కావాలంటే 4, అక్కర్లేకపోతే 3 లేదా అంతకన్నా తక్కువ. ఇది తెలుగులో మెత్తగా అడిగి రాబట్టగలిగినవాళ్లకు మన జిల్లాల్లో విలువ ఉంటుంది. ఈ స్కేలుకూ, స్ట్రోక్ తీవ్రతను 0 నుంచి 42 దాకా కొలిచే ఎన్ఐహెచ్ స్కేలుకూ ఆన్‌లైన్ శిక్షణ, సర్టిఫికెట్ ఉన్నాయి. లక్ష పెట్టే ముందు ఆ రెండూ, జీసీపీ (ట్రయల్స్ సరిగ్గా నడిపే పద్ధతుల) సర్టిఫికెట్టూ తెచ్చుకోమనండి.

తీవ్రమైన దుష్ఫలితం ఏది జరిగినా 24 గంటల్లో తెలియజేయాలని క్లినికల్ ట్రయల్స్ మీద 2019 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. పేషెంటుకు న్యుమోనియా వచ్చి ఆసుపత్రిలో ఉండే రోజులు పెరిగినా అది లెక్కలోకే వస్తుంది. "పక్షవాతంలో ఇది మామూలేగా" అని వదిలేసేవాళ్లు ఇక్కడే చిక్కుకుంటారు.

ఆసుపత్రి వెతకడానికి ఏజెంట్లు అక్కర్లేదు. మన దేశంలో జరిగే ట్రయల్స్ నమోదయ్యే సీటీఆర్ఐ వెబ్‌సైట్‌లో స్ట్రోక్ అని వెతికితే ఏ ట్రయల్ ఏ ఊళ్లో, ఏ డాక్టరు దగ్గర జరుగుతోందో ఉచితంగా కనిపిస్తుంది. పేషెంట్లను చేర్చుకుంటున్నవాటికే రాయమనండి. జీతం మొదట్లో తక్కువే. రెండు మూడేళ్లు సైట్‌లో (ట్రయల్ జరిగే ఆసుపత్రిలో) చేసినవాళ్లకు సీఆర్ఓల్లో (కంపెనీల తరఫున ట్రయల్స్ నడిపే సంస్థల్లో) మానిటర్ ఉద్యోగం, అంటే సైట్లకు వెళ్లి పని సరిగా జరుగుతోందో చూసే ఉద్యోగం, దొరకడం తేలిక. నేరుగా డేటా ఎంట్రీ టేబుల్ దగ్గర చేరితే అక్కడినుంచి ఇటు రావడం కష్టం.

ఇంటర్వ్యూలో ఆమె కూడా ఒక ప్రశ్న అడగాలి: కిందటేడు 90వ రోజు ఫాలో అప్ ఎంతమందిది తప్పింది? వెంటనే జవాబు చెప్పలేని సైట్ అయితే ఇంకోటి చూసుకోమనండి.