రెండు మైనస్‌లు ‘కలిస్తే’ ప్లస్సా?

సందేహం: ‘రెండు మైనస్‌లు కలిస్తే ప్లస్’ అని పిల్లలకు చెబుతుంటాం. మా అబ్బాయి ఆ మాట పట్టుకొని -3 - 4 = 7 అని రాశాడు. ఆ వాక్యంలో తప్పుందా? గుణకారం గురించి తెలుగులో ఎలా చెప్పాలి?

సమాధానం: తప్పు క్రియాపదంలో ఉంది. లెక్కల్లో కలపడమంటే కూడికే. -3కు -4 కలిపితే వచ్చేది -7. ధన సంఖ్య వచ్చేది గుణించినప్పుడు. మీ అబ్బాయి విన్నమాటను విన్నట్టే పాటించాడు కాబట్టి అతణ్ని తప్పుపట్టలేం.

ప్రాచీన భారత గణితవేత్త బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లో రాసిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం అనే గ్రంథంలో ఈ రెండు సూత్రాలనూ విడివిడిగానే చెప్పాడు. రెండు ఋణాల మొత్తం ఋణం, రెండు ఋణాల లబ్ధం ధనం. ధనాన్ని ఋణంతో గుణిస్తే ఋణం. మన పాఠ్యపుస్తకాల్లోని ధన, రుణ అనే పేర్లు ఆ సంప్రదాయంలోవే.

ఈ తేడా తెలుగు వాక్యంలోనూ కనిపిస్తుంది. ‘లేదు లేదు’ అంటే లేదనే అర్థం, పైగా ఇంకాస్త గట్టిగా. ‘లేకపోలేదు’ అంటే మాత్రం ఉందని అర్థం. మొదటిదానిలో రెండు వ్యతిరేకాలు పక్కపక్కన చేరాయి, అది కూడిక తీరు. రెండోదానిలో ఒక వ్యతిరేకం ఇంకోదాన్ని తిప్పేసింది, అది గుణకారం తీరు. పిల్లలకు గుర్తుండడానికి ఈ పోలిక పనికొస్తుంది కానీ దీన్నే కారణంగా చెప్పకండి. ‘లేకపోలేదు’ అనేది ‘ఉంది’ అన్నంత గట్టి మాట కాదు. -1ని -1తో గుణిస్తే మాత్రం కచ్చితంగా 1.

అసలు కారణం లెక్కలోనే ఉంది. 4కు -4 కలిపితే 0. ఆ మొత్తాన్ని -3తో గుణించినా 0. విడివిడిగా గుణిస్తే (-3) × 4 = -12. మొత్తం 0 రావాలంటే (-3) × (-4) విలువ 12 కాక తప్పదు. (ఈ ‘కాక తప్పదు’ కూడా రెండు వ్యతిరేకాల మాటే, గమనించారా?)

గుణించడానికి వాడే ‘హెచ్చవేయడం’ అనే మాట మీద కొందరికి అభ్యంతరం ఉంది: 5ని -3తో హెచ్చవేస్తే -15 వస్తుంది, హెచ్చలేదు కదా అని. 10ని అరతో హెచ్చవేసినా 5కు తగ్గుతుంది. పరిభాషగా స్థిరపడ్డ మాట అది, నిరభ్యంతరంగా వాడవచ్చు.

ఇక మీ వాక్యాన్ని ‘రుణ సంఖ్యను రుణ సంఖ్యతో గుణిస్తే ధన సంఖ్య వస్తుంది’ అని మార్చండి. ‘తో’కు బదులు ‘చేత’ అన్నా ఒప్పే. మాటల్లో ‘మైనస్ ఇంటూ మైనస్ ప్లస్’ అన్నా ఇబ్బంది లేదు. ‘ఇంటూ’ను మింగేసి ‘మైనస్ మైనస్ ప్లస్’ అంటేనే చిక్కు.