ఉత్తరం ఎవరిది? రాసినవాళ్ళదా, అందుకున్నవాళ్ళదా?

ప్రశ్న: ఇంగ్లీష్ ఎమ్మే అయింది. అమెరికన్ కవయిత్రి ఎలిజబెత్ బిషప్ మీద పరిశోధన చేద్దామనుకుంటున్నాను. ఆవిడ కాగితాలు వాసర్ కాలేజీలో ఉన్నాయని చదివాను. తీరా చూస్తే, కవి రాబర్ట్ లోవెల్‌కి ఆవిడ రాసిన ఉత్తరాలు హార్వర్డ్‌లో ఉన్నాయట. ఇదేం గందరగోళమండీ?
- ఓ పాఠకురాలు, విజయనగరం

జవాబు: మీ తాతగారింట్లో గోడకి ఉత్తరాలు గుచ్చే తీగ ఉండేదా అమ్మా? ఆ తీగకి వేలాడేవన్నీ ఇంటికి వచ్చినవే, ఇంట్లోంచి వెళ్ళినవి ఒక్కటీ ఉండవు. వాసర్ కొన్నదీ అలాంటి తీగనే. బిషప్ 1979లో పోతే, ఆవిడ చదువుకున్న ఆ కాలేజీ 1981లో కాగితాలు తీసుకుంది. అందుకే లోవెల్ ఆవిడకి రాసినవి అక్కడున్నాయి. ఆవిడ లోవెల్‌కి రాసినవి మాత్రం ఆయన తీగవి కదా, చాలావరకు ఆయన కాగితాలతోపాటే హార్వర్డ్ వాళ్ళ హౌటన్ లైబ్రరీకి చేరాయి. 1947 నుంచి లోవెల్ పోయిన 1977 దాకా సాగిన మాటామంతీ అలా రెండు చోట్ల పడింది.

అక్కడితో అయిపోలేదు. బిషప్ గురువులా చూసుకున్న కవయిత్రి మేరియన్ మూర్‌కి రాసిన ఉత్తరాల కోసమైతే ఫిలడెల్ఫియాలోని రోజెన్‌బాక్ మ్యూజియంకి వెళ్ళాలి. వాళ్ళు మూర్ కాగితాలతో ఆగలేదు, న్యూయార్క్‌లో మూర్ ఇంటి హాలుని కుర్చీలూ బల్లలతో సహా తెచ్చి అక్కడ అమర్చిపెట్టారు!

ఇంకో మెలిక. కాగితం లైబ్రరీదే అయినా, అందులో రాసిన మాటల మీద హక్కు రాసినవాళ్ళ వారసులది. చదువుకోవచ్చు, నోట్సు రాసుకోవచ్చు, పెద్ద భాగాలు అచ్చువేయాలంటే మాత్రం అనుమతి కావాలి. లోవెల్ చేసిన పని గుర్తుపెట్టుకోండి: విడిపోయిన భార్య ఎలిజబెత్ హార్డ్‌విక్ ఉత్తరాలని మార్చేసి మరీ కవితల్లో పెట్టేశాడు. అచ్చుకి ముందే 1972లో బిషప్ ఆయన్ని గట్టిగా మందలిస్తూ రాసింది, ఆయన కొన్ని మార్పులు చేశాడే కానీ అచ్చు ఆపలేదు. నన్నడిగితే బిషప్‌దే న్యాయం. హార్వర్డ్‌లో ఉత్తరాల మీదే ఒక కోర్సు చెప్పిన మనిషి మరి.

ఇప్పుడే టికెట్ కొనకండి. బిషప్, లోవెల్ ఇద్దరి ఉత్తరాలూ కలిపి 2008లో ‘వర్డ్స్ ఇన్ ఎయిర్’ అని పుస్తకం వేశారు, ముందు అది చదవండి. తర్వాత వాసర్ వెబ్‌సైట్‌లో పెట్టెల వారీ జాబితా చూసి, మీకు కావలసిన పెట్టె, ఫోల్డర్ నంబర్లు రాసి లైబ్రేరియన్‌కి మెయిల్ పెట్టండి, స్కాన్‌లకి ఎంతవుతుందో కూడా అడగండి. ఎప్పుడైనా వెళ్తే పెన్ను కాదు, పెన్సిల్ పట్టుకెళ్ళండి.