ఆల్చిప్ప చనిపోతుందా?

సందేహం: మేం అమెరికాలో ఉంటాం. ఇంట్లో ఉప్పునీటి అక్వేరియంలో నాలుగు క్లామ్స్ (రెండు పెంకుల నీటిజీవులు) పెంచుతున్నాను. నెల తిరక్కుండా మూడు పోయాయి. నీళ్ళలో ఉప్పు వెయ్యికి 35 పాళ్ళు, వేడి 26 డిగ్రీలు. పరీక్షల్లో లోపమేమీ కనపడలేదు, చేపలూ పగడాలూ బాగానే ఉన్నాయి. తెలుగు మిత్రులకు 'మా ఆల్చిప్పలు అకారణంగా నోరు తెరిచి మృతి చెందాయి' అని రాస్తే, ఒకాయన 'చిప్ప అంటే పెంకు కదా, పెంకు ఎలా చస్తుంది?' అన్నారు. జీవిని ఆల్చిప్ప అనకూడదా? నా వాక్యంలో తప్పుందా?

సమాధానం: నాలుగింట్లో మూడు పోవడం బాధే. ముందు మీ మిత్రుడి మాట చూద్దాం. చిప్ప అంటే గట్టిగా, లోపల గుంటగా ఉండే పెంకు. కొబ్బరిచిప్ప, మోకాలిచిప్ప, తాబేటిచిప్ప అన్నీ ఆ కోవలోవే. చిప్ప చేతికి రావడం, చిప్పకూడు తినడం కూడా ఆ పోలికతోనే పుట్టాయి. ఇంతవరకే చూస్తే ఆయనదే గెలుపు. కానీ వేమన ఒప్పుకోడు.

'చిప్పబడ్డ స్వాతిచినుకు ముత్యంబాయె
నీటిబడ్డ చినుకు నీట గలసె'

ఈ పద్యాన్ని మనం బళ్ళో ప్రాప్తం గురించిన నీతిగా బట్టీపట్టి వదిలేశాం. 'చిప్పబడ్డ' దగ్గర ఒక్క క్షణం ఆగండి. స్వాతికార్తెలో ఆల్చిప్ప నీటి పైకి వచ్చి, నోరు తెరిచి చినుకు కోసం ఎదురుచూస్తుందనీ, చినుకు పడగానే నోరు మూసుకుని అడుగుకు వెళ్ళిపోతుందనీ మన పాత నమ్మకం. పైకి రావడం, ఎదురుచూడడం, దాచుకోవడం ప్రాణమున్నవి చేసే పనులు. ఒడ్డున ఇసకలో పడి ఉన్న ఉత్త పెంకులో స్వాతివాన రాత్రంతా కురిసినా తెల్లారేసరికి మిగిలేది గుక్కెడు నీళ్ళే. జీవశాస్త్రం ఈ చినుకు కథను ఒప్పుకోదు. లోపల చేరిన పరాయి వస్తువు చుట్టూ ఆ జీవి తన ఒంట్లో ఊరే పదార్థాన్ని పొర మీద పొరగా పేరుస్తుందనీ, అదే ముత్యమనీ చెబుతుంది. ఆ లెక్కన చూసినా ముత్యం చేసేది బతికున్న చిప్పే. కాబట్టి వేమన నోట చిప్ప అంటే పెంకూ, అందులోని ప్రాణీ కలిసిన ముద్ద.

భర్తృహరిని తెలిగించిన ఏనుగు లక్ష్మణకవి ఇదే చినుకును 'నీరమె శుక్తిలోఁబడి మణిత్వముఁ గాంచు' అన్నాడు. శుక్తి అంటే సంస్కృతంలో ఆల్చిప్పే. గంభీరమైన నడక, కాదనను. అయినా నా మనసు చిప్పనే కోరుకుంటుంది. 'చిప్ప' అని నెమ్మదిగా పలికి చూడండి. 'ప్ప' దగ్గర రెండు పెదవులూ గట్టిగా మూసుకుని, మళ్ళీ విడతాయి. ఆ జీవి రెండు పెంకులతో రోజంతా చేసే పని అదే. 'శుక్తి'లో పెదవులు కలవనే కలవవు.

ఈ చిప్ప శుక్తికి బిడ్డేనని కొందరి వాదం. శుక్తి ప్రాకృతంలో సిప్పి అయింది, సిప్పి మనకు చిప్ప అయింది అంటారు. నాకు పూర్తిగా మింగుడుపడదు. భక్తి భత్తి అవుతుంది, ముక్తి ముత్తి అవుతుంది. ఆ దారిలో శుక్తి సుత్తి కావాలి, సిప్పి ఎక్కణ్ణుంచి వచ్చింది? 12వ శతాబ్దంలో ప్రాకృత వ్యాకరణం రాసిన హేమచంద్రుడు కూడా దీన్ని మామూలు ధ్వని మార్పుల్లో కలపలేదు. శుక్తికి బదులు సిప్పి వస్తుందని ఆదేశంగా చెప్పాడు. మరోపక్క తమిళంలో సిప్పితో పాటు ఇప్పి ఉంది, కన్నడంలో చిప్పు ఉంది, మలయాళంలో చిప్పి ఉంది. దక్షిణాది తీరమంతా పలికే మాట ఇది. ఉత్తరాదికి మనమే ఇచ్చామేమో అని నా మొగ్గు. తీర్పుగా మాత్రం చెప్పను. ఇక ఆల్చిప్పలోని 'ఆల్'ను ఆలి, అంటే భార్య అనుకునేవాళ్ళున్నారు, ఆ ఊహ మానుకోండి.

తీరంలో వాడుక ఇంకోటి ఉంది, గుల్ల. కాకినాడ వైపు బుడితగుల్ల అంటే తినే జీవీ అదే, కాల్చి సున్నం చేసే పెంకూ అదే. 'నత్తగుల్లలన్నీ ఒక రేవున, ముత్యపుచిప్పలన్నీ ఒక రేవున' అన్న సామెతలోనూ గుల్లలూ చిప్పలూ తమ జాతి చూసుకుని చేరే ప్రాణులే. పేరు పెంకుది, పిలుపు ప్రాణికి. క్లామ్‌ను శంఖమనీ నత్త అనీ రాసేవాళ్ళతోనే నాకు పేచీ. నత్తకూ శంఖానికీ ఒకటే పెంకు, మెలి తిరిగి ఉంటుంది. ఆల్చిప్పకు రెండు చెక్కలు, మధ్యలో కీలు. ఈమాత్రం తేడా చూడకుండా తెలుగు చేయడం ఎందుకు?

ఇప్పుడు మీ వాక్యం. ఉత్తరం అందాక ఒక జీవశాస్త్రం మాస్టారిని అడిగాను. ఆ జీవి లోపల గట్టి కండ ఒకటి రెండు చెక్కల్నీ దగ్గరికి లాగి పట్టుకుంటుందట. బతికున్నది కండను సడలించి నోరు తెరుస్తుంది, మీద నీడ పడితే చప్పున మూస్తుంది. ప్రాణం పోయాక లాగే కండ ఉండదు కాబట్టి కీలు దగ్గరి బిగువుకు చెక్కలు వాటంతటవే విడిపోతాయి. మన వ్యాకరణంలో ఈ తేడాకు చోటుంది. మనిషి తలుపు తెరుస్తాడు, గాలికి తలుపు తెరుచుకుంటుంది. మీ ఆల్చిప్పలు నోరు తెరిచి చనిపోలేదు. చనిపోయాయి, నోరు తెరుచుకుంది.

'అకారణంగా' అసలు కుదరదు. అకారణం అంటే కారణమే లేకపోవడం. కారణం ఉండి మనకు అందకపోవడానికి ఆ మాట వాడటం ఈమధ్య పత్రికల్లో పెరిగిపోయింది. మాస్టారు చెప్పినవే మూడున్నాయి. బియ్యపుగింజంత నత్తలు రాత్రిపూట పెంకు అంచున చేరి రసం పీల్చేస్తాయి, పగలు కనిపించవు. రాయిని పట్టుకోవడానికి ఆ జీవి దారాల్లాంటి పోగులు వదులుతుంది. చోటు మార్చేటప్పుడు వాటిని పెరికితే లోపలి గ్రంథి తెగుతుంది, కొన్నాళ్ళకు ప్రాణం పోతుంది. ఇంట్లో పెంచే రంగుల రకాలైతే మెత్తని ఒంట్లోనే నాచు ఉంటుంది, వెలుగు చాలక అది తగ్గితే తిండి తగ్గినట్టే. నీళ్ళ పరీక్షలో ఇవేవీ దొరకవు. మరి అకారణమని ఎలా రాస్తాం? 'ఎందుకో తెలియడం లేదు' అనండి, నిజం ఉన్నదున్నట్టు వస్తుంది.

'మృతి చెందాయి' వార్తల భాష. ఇష్టంగా పెంచుకున్నవాటికి అది దేనికి? చను అంటే వెళ్ళు. చనిపోవడంలో వెళ్ళిపోవడం ఉంది. మీరు 'పోయాయి' అని ఉత్తరం మొదట్లో రాసుకున్నారే, ఆ మాట ఇంకా బాగుంది.

కాబట్టి, 'మా ఆల్చిప్పలు మూడు పోయాయి, ఎందుకో తెలియడం లేదు' అని రాస్తే నేను తప్పు పట్టను. మీ మిత్రుడు ఇంకా పట్టుబడితే 'ఆల్చిప్పలో జీవి' అనుకోమనండి, అదీ చెల్లుతుంది. నాలుగోదాని సంగతి ఉత్తరంలో లేదు. చెయ్యి నీడ పడితే మూసుకుంటోందా? ఈ రాత్రి టార్చిలైటు వేసి దాని అంచు ఒకసారి చూసి రాయండి.